మొక్కజొన్న మీదుగా నడిచిన ట్రాక్టర్లు: కరొలైనాలో మల్లె వేట

గురువారం: క్లింటన్ మీదుగా ఎలిజబెత్‌టౌన్

ఉత్తర కరొలైనాలో క్లింటన్ ఊరు దాటాక 701 నంబరు రహదారి ఇసుక నేలల్లోకి ప్రవేశిస్తుంది. రెండు వైపులా పైన్ చెట్లు, వాటి నడుమ చేలు. సెప్టెంబరు మొదటి వారం కావడంతో మొక్కజొన్న కోతలు చాలావరకు ముగిశాయి. పత్తి కాయలు అప్పుడప్పుడే పగులుతున్నాయి. చిలగడదుంప తీగలు సాళ్లు కనిపించకుండా కమ్ముకున్నాయి. అమెరికా మొత్తంలో చిలగడదుంప ఎక్కువగా పండేది ఈ రాష్ట్రంలోనే.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పుట్టి పెరిగింది పాలమూరు జిల్లాలో, జొన్న చేల మధ్య. కేరీలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడల్లా ఈ దారిలో వెళ్లాలనుకుంటూనే ఉన్నాను. ఈసారి అల్లుడికి సెలవు దొరికింది. "మామయ్యగారూ, ఒక కలుపు మొక్క కోసం ప్రభుత్వం సొంతంగా ట్రాక్టర్లు కొని రైతుల చేలలో తిప్పిందా?" అని దారిలో అడిగాడు. తిప్పింది బాబూ, అది కూడా అరవై ఏళ్లకు పైగా, అన్నాను.

ఆ కలుపు పేరు స్ట్రైగా. మన రైతులు మల్లె అంటారు, జొన్న మల్లె అంటారు. తలలో పెట్టుకునే మల్లెపూలకూ దీనికీ సంబంధం లేదు. జానెడు ఎత్తుండే మొక్క. చూస్తే అమాయకంగా ఉంటుంది, పూలు కూడా అందంగానే ఉంటాయి. వేళ్లు మాత్రం జొన్న, మొక్కజొన్న, చెరకు వంటి గడ్డి జాతి పంటల వేళ్లలోకి చొచ్చుకుపోయి నీటినీ పోషకాలనూ లాగేస్తాయి. మల్లె నేల పైకి వచ్చేసరికే పంటకు జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఒక్కో మొక్క యాభై వేల నుంచి కొన్ని లక్షల దాకా విత్తనాలు రాలుస్తుంది. ఒక్కో విత్తనం మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటుందేమో, చేతిలో పోసుకుంటే దుమ్మే. ఆ దుమ్ము నేలలో పదేళ్లు, పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా చావకుండా పడి ఉంటుంది.

1950ల మొదట్లో ఇక్కడి కొలంబస్ కౌంటీ చేలలో మొక్కజొన్న వాడిపోవడం మొదలైంది. వాన చాలలేదన్నారు, ఎరువు తక్కువైందన్నారు, నులిపురుగులేమో అని కూడా అనుమానించారు. 1956లో భారతదేశం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక విద్యార్థి ఆ చేలు చూసి, ఇలాంటి మొక్క మా దేశంలో జొన్నకు పడుతుందని చెప్పాడు. వేళ్లు తవ్వి చూస్తే అదే. పశ్చిమార్ధగోళంలో స్ట్రైగాను గుర్తించడం అదే మొదటిసారి. మన దగ్గర ఎక్కువగా కనిపించే మల్లెకు తెల్ల పూలు, ఇక్కడి దానికి ఎర్ర పూలు. రంగు వేరైనా పోల్చుకోగలిగాడంటే ఆ కుర్రవాడు చేలో కళ్లు తెరిచి తిరిగినవాడని నా నమ్మకం. అది ఇక్కడికి ఎలా చేరిందన్నది మాత్రం తేలలేదు.

సాయంత్రం వైట్ లేక్ దగ్గర ఆగాం. ఈ ప్రాంతంలో కోడిగుడ్డు ఆకారంలో, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండే లోతు తక్కువ గుంటలు వందల కొద్దీ ఉన్నాయి. వాటిని కరొలైనా బేలు అంటారు. కొన్నిట్లో నీళ్లున్నాయి, కొన్నిటిలో నీటిని కాలువలతో బయటికి పంపి పొలాలు చేశారు. కేప్ ఫియర్ నది దాటి రాత్రికి ఎలిజబెత్‌టౌన్ చేరాం.

శుక్రవారం: వైట్‌విల్

కొలంబస్ కౌంటీ ముఖ్య పట్టణం వైట్‌విల్. ఇది పొగాకు సీమ. రోడ్డు పక్కన పొగాకు ఆరబెట్టే పాత చెక్క బ్యారన్లు ఇంకా నిలబడి ఉన్నాయి. ఎత్తుగా, కిటికీలు లేకుండా, ఒక పక్కకు వాలిపోయి. ప్రకాశం జిల్లాలో పనిచేసిన కాలంలో ఇలాంటి బ్యారన్ల పక్కనే ఎన్నో రాత్రులు గడిపాను. అక్కడ పొగాకుకు కూడా ఓరోబాంకీ అనే, వేళ్ల మీద బతికే పరాన్నజీవి మొక్క పడుతుంది. దాన్ని కూడా రైతులు మల్లె అనే పిలుస్తారు. రెండు దేశాల పొగాకు రైతులను ఒకచోట కూర్చోబెడితే మాట్లాడుకోవడానికి చాలా విషయాలు దొరుకుతాయి.

అమెరికా వ్యవసాయ శాఖ స్ట్రైగా మీద పరిశోధన కేంద్రాన్ని ఈ ఊళ్లోనే పెట్టింది. 1957లో కేంద్ర ప్రభుత్వం క్వారంటైన్ విధించింది. కలుపు ఉన్న పొలం నుంచి మట్టి, దుంపలు, గడ్డి, వాడిన వ్యవసాయ యంత్రాలు తనిఖీ కాకుండా బయటికి పోకూడదు. అయోవా, ఇల్లినాయి రాష్ట్రాల మొక్కజొన్న మైదానాలకు ఇది పాకితే ఏమవుతుందో తలుచుకుని భయపడ్డారు. ఆ భయం సరైనదే. ఆఫ్రికాలో ఇదే కుటుంబానికి చెందిన మొక్కలు కోట్ల మంది చిన్న రైతుల తిండిని నేటికీ మింగుతున్నాయి.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఇథిలీన్ సంగతి. మల్లె విత్తనం ఊరికే మొలవదు. తడి, వెచ్చదనం తగిలాక కూడా ఎదురుచూస్తుంది. పక్కన పంట వేరు ఉంటే, ఆ వేరు నుంచి కారే ఒక రసాయనం తగిలితేనే మొలుస్తుంది. మొలిచాక కొద్ది రోజుల్లో వేరు దొరక్కపోతే చచ్చిపోతుంది, ఎందుకంటే అంత చిన్న గింజలో దాచుకున్న తిండి ఎంతని? కాబట్టి పంట లేని సమయంలో దాన్ని మోసగించి మొలిపిస్తే చాలు. ఇథిలీన్ వాయువు ఆ పని చేస్తుందని 1970 ప్రాంతంలో తేలింది. వైట్‌విల్ కేంద్రానికి నాయకత్వం వహించిన రాబర్ట్ ఎప్లీ దాన్ని చేలలో వాడే పద్ధతిగా మార్చారు. మన మామిడికాయలు మగ్గబెట్టే గదుల్లో వాడేది కూడా ఆ వాయువే. హెక్టారుకు కిలోన్నర చాలు. ట్రాక్టరుపై సిలిండర్లు కట్టి, వెనుక గొర్రు పళ్ల వంటి ఇనుప కడ్డీలను నేలలోకి దించి, వాటి గొట్టాల గుండా వాయువును మట్టిలోకి వదులుతారు. గొర్రుతో మనం విత్తనం వేస్తాం, వీళ్లు అదే తీరుగా విత్తనాన్ని చంపే గాలి వేశారు.

ఆ వేరు రసాయనాన్ని కూడా ఈ రాష్ట్రంలోనే పట్టుకున్నారు. 1966లో పత్తి వేళ్ల నుంచి దాన్ని వేరుచేసి స్ట్రైగాల్ అని పేరు పెట్టారు. ఆ పని జరిగిన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులోనే మా అల్లుడి ఆఫీసు. వేలాది తెలుగువాళ్లు రోజూ ఆ దారిలో కార్లలో వెళ్తుంటారు. పత్తి మీద మల్లె బతకలేదు, అయినా పత్తి వేరు దాన్ని మొలిపిస్తుంది. శత్రువును పిలిచే వాసన మొక్క ఎందుకు వదులుతుందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. వేళ్లకు భాస్వరం అందించే మేలు చేసే శిలీంధ్రాలను పిలవడానికే మొక్క ఆ సంకేతం పంపుతుందని 2005లో తేలింది. ఆ పిలుపును మల్లె దొంగచాటుగా వింటోంది.

శనివారం: లేక్ వాకమా దగ్గర ఒక పొలం

నేను అసలు చూడాలనుకున్నది ఇక్కడే ఉంది. స్నేహితుల ద్వారా పరిచయమైన ఒక రైతు తన షెడ్డు తెరిచి చూపించాడు. ఆయన పొరుగున ఉండే మరో పెద్దాయన కూడా కర్ర పట్టుకుని వచ్చారు. ఎనభై దాటిన మనిషి. ఈ మల్లె నిర్మూలన కార్యక్రమంలో ట్రాక్టరు నడిపిన ఉద్యోగి ఆయన.

షెడ్డులో రెండు ఎర్ర ఫార్మాల్ ట్రాక్టర్లు ఉన్నాయి. ఒకటి సూపర్ ఎ. 1947లో వచ్చిన నమూనా, రైతు తాతగారి కాలం నాటిది. రెండోది 140, పొడుగు కాళ్ల రకం. ముందు ఇరుసు కింద రెండు పొడవైన ఇనుప కాళ్లు, వెనుక చక్రాల దగ్గర కిందికి దించిన గేరు పెట్టెలు. మామూలు 140 పక్కన నిలబెడితే ఇది మునివేళ్ల మీద లేచి చూస్తున్నట్టుంటుంది. ప్రభుత్వం పాత యంత్రాలను వేలం వేసినప్పుడు రైతు తండ్రిగారు దీన్ని కొన్నారట.

ఈ ట్రాక్టర్లలో ఇంజను మధ్యలో ఉండదు, కొద్దిగా ఎడమకు జరిగి ఉంటుంది. నడిపేవాడి సీటు కుడి వైపు. అందువల్ల తల వంచకుండానే కింది సాలు కనిపిస్తుంది. పొగాకు, కూరగాయలు వేసే చిన్న రైతుల కోసం 1939లో తెచ్చిన ఈ అమరిక ఎంత బాగుందంటే, 1979 దాకా అదే పద్ధతిలో కొత్త ట్రాక్టర్లు తయారవుతూనే వచ్చాయి. రైతు తాళం తిప్పి మీట లాగగానే నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను రెండుసార్లు దగ్గి నిలకడగా తిరిగింది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నన్ను సీట్లో కూర్చోబెట్టారు. సాలు నిజంగానే కాళ్ల మధ్య స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంత పొడుగు ఎందుకని మా అల్లుడు అడిగాడు. పెద్దాయన కర్రతో నేల మీద గీసి చూపించారు. మల్లె నేల పైకి వచ్చేది మొక్కజొన్న ఏపుగా ఎదిగిన తర్వాత. అది కూడా ఆకుల నీడలో, సాలు అడుగున. పై నుంచి మందు కొడితే మొక్కజొన్న ఆకులే తడుస్తాయి, మల్లెకు చుక్క కూడా అందదు. కాబట్టి ట్రాక్టరు పంటకు పైగా నడవాలి, మందు మాత్రం కింద పడాలి. ట్రాక్టరుకు అడ్డంగా బిగించిన బూమ్ అనే కడ్డీ నుంచి పొడవాటి గొట్టాలు సాళ్ల మధ్యకు వేలాడతాయి, వాటి చివర నాజిళ్లు. మొదట్లో ఎక్కువగా వాడింది 2,4-డి అనే కలుపు మందు. అది గాలికి కొద్దిగా కొట్టుకుపోయినా పక్క చేలో పత్తి, పొగాకు ఆకులు ముడుచుకుపోతాయి. నాజిల్ నేలకు దగ్గరగా ఉండటం వల్ల ఆ ముప్పు కూడా తగ్గింది.

ఒక్కసారి కొడితే సరిపోదు. మల్లె ఒకేసారి మొలవదు, వంతులు వేసుకుని వస్తుంది. పైకి వచ్చిన కొద్ది వారాల్లోనే పూసి, గింజ కట్టి, రాల్చేస్తుంది. అందువల్ల ఒకే చేలో ఎండాకాలమంతా మళ్లీ మళ్లీ తిరగాలి. "మొక్కజొన్న కోశాక పని అయిపోయిందని జనం అనుకునేవారు. మాకు అప్పుడే మొదలయ్యేది" అన్నారు పెద్దాయన. ఇక్కడి చేలలో క్రాబ్‌గ్రాస్ అనే గడ్డి విపరీతంగా మొలుస్తుంది, అదీ మల్లెకు ఆతిథ్యం ఇస్తుంది. రైతు సోయా వేసుకుని నిశ్చింతగా ఉన్నా, సోయా సాళ్లలో మొలిచిన గడ్డి వేళ్ల మీద మల్లె బతికేస్తుంది. కాబట్టి సోయా చేలలోనూ గడ్డిని చంపాలి. ఇళ్ల వెనుక పెరట్లో నాలుగు మొక్కజొన్న మొక్కలు వేసుకున్నా అక్కడికీ వెళ్లాలి. ట్రాక్టరు పట్టని చోట వీపున డబ్బా తగిలించుకుని కొట్టేవారట.

రైతులు ఊరుకున్నారా అని అడిగాను. మొదట్లో తిట్టారన్నారు. ఎదిగిన చేలో ప్రభుత్వ ట్రాక్టరు దిగుతోందంటే ఎవరికి నచ్చుతుంది? అయితే మందు ఖర్చు, యంత్రం ఖర్చు, మనిషి కూలి అన్నీ ప్రభుత్వమే భరించింది. ఆ ఒక్క విషయం వల్లనే గేట్లు తెరుచుకున్నాయని ఆయన అభిప్రాయం. నాదీ అదే. కలుపును దాచుకున్న రైతుకు నష్టం, చూపించిన రైతుకు సాయం అన్నట్టు ఏర్పాటు ఉంటేనే ఇలాంటి పనులు సాగుతాయి. పొరుగువాడి చేలో మిగిలిన ఒక్క మల్లె మొక్క పది మందికి ముప్పయినప్పుడు, దాన్ని పీకే ఖర్చు ఒక్కడి మీద వేయడం న్యాయం కాదు, ఫలితమూ ఉండదు.

నేను ఊహించని సంగతి ఒకటి చెప్పారాయన. ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరం ట్రాక్టరేనట. చక్రాల గాళ్లలో ఇరుక్కున్న మట్టిపెళ్లతో విత్తనాలు కొత్త చేలోకి చేరిపోతాయి. ప్రతి చేను నుంచి బయటికి వచ్చే ముందు గట్టు దగ్గర ఆపి, మట్టి గీకి, బ్రష్షుతో తోమి, నీళ్లతో కడిగిన తర్వాతే కదలాలి. రోజులో మందు కొట్టిన సమయం కన్నా కడిగిన సమయమే ఎక్కువని ఒక్కోసారి అనిపించేదన్నారు. ఆ 140 అడుగున ఇప్పటికీ ఎక్కడా మట్టి పెచ్చు కనిపించలేదు. రైతుకు కూడా ఆ అలవాటు పట్టుబడింది.

ఈ కథంతా వెలుగే కాదు. తొలి రోజుల్లో చేతులకు తొడుగులు, ముఖానికి ముసుగు లేకుండా మందు కొట్టామని ఆయనే చెప్పారు. తర్వాత పారాక్వాట్ అనే కలుపు మందు వాడారు. చిన్న మడులను పూర్తిగా శుభ్రం చేయడానికి ప్లాస్టిక్ కప్పి మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు వదిలారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తెలిశాక ప్రపంచమంతా దాని వాడకాన్ని తగ్గించుకుంటూ వచ్చింది. ఆ పనివాళ్ల ఆరోగ్యం గురించి కూడా ఎవరైనా శ్రద్ధగా రాయాలని నా కోరిక.

మధ్యాహ్నం ఆయన ఒకప్పుడు ప్రతి ఏటా మందు కొట్టిన చేనుకు తీసుకెళ్లారు. గట్టు మీద నిలబడి చూశాం. కోత అయిన మొక్కజొన్న మోళ్లు, కొద్దిగా గడ్డి. ఎర్ర పువ్వు ఒక్కటీ లేదు. రెండు కరొలైనాల్లోనూ కలిపి 38 కౌంటీల్లో, మొత్తం 4 లక్షల 30 వేల ఎకరాలకు పైగా భూమిలో ఒకప్పుడు మల్లె ఉండేది. ఇప్పుడు అందులో వందో వంతు కూడా మిగల్లేదు. ఖర్చు 25 కోట్ల డాలర్లకు పైమాటే. చూడటానికి ఏమీ లేని ఆ చేను ముందు మేం చాలాసేపు నిలబడ్డాం. పెద్దాయన ఏ ఏడు ఏ మూల ఎంత మల్లె ఉండేదో వేలితో చూపిస్తూ చెబుతూనే ఉన్నారు.

ఆదివారం: టేబర్ సిటీ, ఒరీ కౌంటీ, తిరుగు దారి

పొద్దున్నే టేబర్ సిటీ మీదుగా రాష్ట్ర సరిహద్దు దాటి దక్షిణ కరొలైనాలోని ఒరీ కౌంటీలో ప్రవేశించాం. మల్లె ఉన్న జిల్లాల్లో ఇదీ ఒకటి. చేను గట్టులోనూ నేలలోనూ ఇక్కడ తేడా ఏమీ లేదు, రాష్ట్రం పేరు మాత్రం మారింది. కాన్వే దాకా వెళ్లి, నది ఒడ్డున ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కి తిరిగాం.

దారిలో అల్లుడు అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. "మన దగ్గర మల్లెకు ఏం చేశారు మామయ్యగారూ?" మన దగ్గర మల్లెను పీకింది ఎక్కువగా ఆడవాళ్లు. నా చిన్నప్పుడు మా అమ్మ, పెద్దమ్మ పూత రాకముందే చేలో వంగి ఒక్కొక్క మొక్కనూ పీకేవారు. ఆలస్యమైతే గింజ రాలిపోతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నారు. శాఖలో ఉన్నప్పుడు మేము చెప్పిన సలహాలు కూడా ఆ చుట్టుపక్కలే తిరిగేవి: పూతకు ముందు పీకండి, పంట మార్చండి, నత్రజని సరిగా వేయండి. పటాన్‌చెరువులో 1972లో మొదలైన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మల్లెను తట్టుకునే జొన్న రకాల మీద ఏళ్ల తరబడి గట్టి పని చేసింది. మన దేశపు జొన్న ఎన్-13 వేళ్లలో కణాల గోడలు మందంగా ఉండి మల్లెను లోపలికి రానివ్వవని తేలింది. ఆ జ్ఞానం ప్రపంచమంతా ఉపయోగపడుతోంది. అయితే ఊరూరా తిరిగి, చేను చేనుకూ కొట్టి, కడిగి, మళ్లీ వచ్చే ట్రాక్టరు మాత్రం మన జొన్న రైతు ఎప్పుడూ చూడలేదు.

అయినా మా ఊళ్లో మల్లె తగ్గింది. ఎవరూ అనుకుని తగ్గించలేదు. జొన్న పోయి పత్తి వచ్చింది. స్ట్రైగాల్ మొదట దొరికింది పత్తి వేరులోనే కదా. ఏటా పత్తి వేళ్లు మల్లెను మొలిపించి, ఆకలితో చంపుతూ వచ్చాయని నా ఊహ. ఇప్పుడు మళ్లీ గాలి మారుతోంది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గరి నుంచి జొన్న రొట్టెకు పట్నంలో గిరాకీ పెరిగింది. జొన్న తిరిగి రావడం నాకెంతో ఇష్టం. దాంతో పాటు నేలలో మిగిలిన పాత గింజ కూడా లేస్తుందేమోనన్నదే నా దిగులు.

ఎలిజబెత్‌టౌన్ దాటాక కారు పక్కకు ఆపించి మా తమ్ముడికి ఫోను చేశాను. అక్కడ రాత్రి పొద్దుపోయింది, అయినా ఎత్తాడు. ఈ ఏడు పత్తి కాస్త తగ్గించి, ఎప్పుడూ గడ్డి కోసం వదిలేసే చెలకలో జొన్న వేశాడు. చేను ఎలా ఉందని అడిగాను. "బాగానే ఉంది అన్నా, తూర్పు మూల మాత్రం కొన్ని మొక్కలు తలవాల్చాయి. వాన చాలలేదు" అన్నాడు. తలవాల్చిన మొక్కల్లో రెండింటిని మట్టి పెళ్లతో సహా జాగ్రత్తగా తవ్వి, బకెట్టు నీళ్లలో నానబెట్టి, వేళ్లు కడిగి చూడమన్నాను. వేరుకు తెల్లటి సన్నని మొలకలు అంటుకుని ఉంటే ఫొటో తీసి పంపమన్నాను. కడిగిన నీళ్లు చేలో పారబోయవద్దని, ఆ మూలలో తిరిగిన గుంటకను కూడా కడిగాకే మరో చేలోకి దించమని రెండుసార్లు చెప్పాను. "పొద్దున్నే చూస్తానన్నా" అన్నాడు.